నలభై మంది రూలు మళ్ళీ తేవాలి

కరోనా పోయిందని మీరంతా సంబరపడుతున్నారు. నాకు మాత్రం దిగులుగా ఉంది. పోతే పోయింది, పెళ్లికి నలభై మందే రావాలన్న ఆ చక్కటి రూలును కూడా ఎందుకు వెంటబెట్టుకుపోయింది?

నవ్వకండి. నేను సీరియస్‌గానే రాస్తున్నాను.

2021 మే నెలలో మా పెద్దమ్మాయి మాధవి పెళ్లి కోడేరులో మా ఇంటి వాకిట్లో జరిగింది. లాక్‌డౌన్ కాలం. పొద్దున పది దాటితే రోడ్డు మీద మనిషి కనబడకూడదు. నక్షత్రం కుదరలేదని ఆరేసి నెలలు తిప్పే పంతులు, ఈసారి పోలీసుల టైం అడిగి తెలుసుకుని ఏడున్నరకు లగ్నం పెట్టాడు. నవగ్రహాలూ నోరెత్తకుండా సడలింపు వేళల్లోకి సర్దుకున్నాయి!

అదీ పెళ్లంటే! డీజే లేదు. బరాత్ లేదు. పెద్దమందడి నుంచి మగపెళ్లివారు ఇరవై మందే వచ్చారు. అందులో ఎవరు అలిగారో, ఎవరు మూతి ముడుచుకున్నారో మాస్కుల కింద తెలియలేదు. కనబడని అలకను బతిమాలేదెవరు? తన విస్తట్లో అన్నీ ఎముకలే పడ్డాయని అరిచే మామలు లేరు. వడ్డించేవాడిని దగ్గరికి రానిస్తే కదా అరవడానికి! నాగర్‌కర్నూల్‌లో ఉన్న మా మేనత్త వీడియో కాల్‌లో పెళ్లి చూస్తూ తన ఫోన్ మీదే అక్షింతలు వేసింది. ఒక బియ్యపు గింజ పోయి చార్జింగ్ రంధ్రంలో ఇరుక్కుంది. ఆశీర్వాదం అంత గట్టిగా అతుక్కోవడం నేనింకెక్కడా చూడలేదు.

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం వేరే ఉంది.

నాకు భార్య లేదు. భార్య లేనివాడు పీట మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడగకూడదు. కన్యాదానం చేయకూడదు. మా దగ్గర ఆచారం అది. మొగుడూ పెళ్లాల జంటే కూర్చోవాలి. పల్లీ పండించి పిల్లను చదివించడానికి ఒంటిగాడు పనికొస్తాడు. పీట దగ్గరికి వచ్చేసరికి పనికిరాడు. అక్కడ అన్నావదినలు కూర్చుంటారు. తండ్రి పొయ్యిల దగ్గర పొగ మింగుతూ నిలబడతాడు.

మాధవి పెళ్లిలో మా అన్న బక్కయ్య, వదిన మల్లమ్మ కూర్చోవాలని ఇంటి పెద్దలు తీర్మానించారు. ఇంకా రెండు రోజులుందనగా బక్కయ్య కల్లు దుకాణం మీదికి కొట్లాటకు పోయాడు.

"ఏందిరా ఇది? కల్లు అమ్ముతున్నవా, బోరు నీళ్లు అమ్ముతున్నవా? వాసన లేదు, రుచి లేదు!"

"ఊరంత గదే తాగుతుండ్రు బక్కన్నా. వాసన పోయింది కల్లుకు కాదు, నీ ముక్కుకు. జర దవాఖానకు పో!" అన్నాడు దుకాణంవాడు.

పోయాడు. పాజిటివ్. వదినకూ పాజిటివ్. ఇద్దరినీ ఇంట్లో పెట్టి గేటుకు అడ్డంగా కట్టెలు కట్టారు. అన్నావదినల ఆరోగ్యం గురించి నేనెంత కుమిలిపోయానో మాటల్లో చెప్పలేను. పడుకున్నా నవ్వు ఆగలేదు.

పెళ్లినాడు పంతులు పీటలు వేయించి, "జంట ఎవరు కూసుంటరు?" అని అడిగాడు.

జంట కోసం వాకిలంతా వెతికాం. మా వాటాకు వచ్చినవి ఇరవై పేర్లే. ఎవరినీ నొప్పించకూడదని ఇంటికి ఒక్కరినే పిలిచాం. మొగుడు వచ్చిన చోట పెళ్లాం రాలేదు, పెళ్లాం వచ్చిన చోట మొగుడు రాలేదు. మా వైపు మొత్తంలో ఒక్క జంట కూడా లేదన్న సంగతి పీటలు వేసిందాకా ఎవరికీ తట్టలేదు!

గేటు దగ్గర కానిస్టేబుల్ కేకేశాడు. "జల్ది కానియ్యుండ్రి పంతులూ! పది గొట్టినంక నేను ఊకోను."

పంతులు గడియారం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఆపత్కాలంల దోషం ఉండదు. నువ్వే కూసో."

కూర్చున్నాను. అల్లుడు ప్రదీప్ కాళ్లు కడిగాను. నా బిడ్డ చేతిని నేనే అతని చేతిలో పెట్టాను. ఆకాశం విరిగి మీద పడలేదు. నాలుగేళ్లయింది. వాళ్లకొక పాప. ప్రదీప్‌కు పొట్ట కూడా వచ్చింది.

ఇప్పుడు చిన్నమ్మాయి దీపిక పెళ్లి. వచ్చే ఆదివారం, వనపర్తిలో ఫంక్షన్ హాలు, నాలుగు వందల మంది. మొన్న బక్కయ్య, మల్లమ్మ మా ఇంటికి వచ్చారు. వదిన పీట మీద కట్టుకోవడానికి గద్వాల చీర కొని మరీ వచ్చింది.

"తమ్మీ, పీట మీద మేం కూసుంటం. నువ్వేం ఫికర్ చెయ్యకు, బువ్వలకాడ ఉండు," అన్నాడు అన్న.

"మాధవి పెండ్లికి నేనే కూసున్న గదనే?"

"అది కరోనా టైం రా. ఇప్పుడు నలుగురు చూస్తరు."

"పిల్ల సంసారం సల్లగుండాల్నా వద్దా? నువ్వే చెప్పు," అంది వదిన.

లోపలి నుంచి దీపిక వచ్చింది. "పెద్నాయినా, మా నాయిన కూసుంటెనే నేను కూసుంట. లేకుంటె పెండ్లి మీరే చేస్కోండ్రి!"

నేను దాన్ని గద్దించి లోపలికి పంపాను. పెద్దల ముందు నిజం మాట్లాడడం తప్పు కదా!

తర్వాత కూర్చుని ఆలోచించాను. నలభై మందిలో అంటని దోషం నాలుగు వందల మందిలో ఎలా అంటుతుంది? అప్పుడు అర్థమైంది. దోషం కూడా అంటురోగమే. గుంపులోనే పాకుతుంది. అందుకే అంటున్నాను, నలభై మంది రూలు మళ్ళీ తేవాలి!

అరిష్టం సంగతి ఇంత బాగా తెలిసిన మా బంధువులకు ఒక మాట గుర్తుచేస్తాను. నా భార్య జములమ్మ 2020లో ఇదే రోగంతో పోయింది. చావుకు ఇరవై మంది దాకా పర్మిషన్ ఉండేది. ఉన్నది ముగ్గురం. గుంత తీసిన జేసీబీ డ్రైవరు, పంచాయతీ కార్మికుడు కిష్టయ్య, నేను. పదిహేడు ఖాళీలు మిగిలాయి. జంటగా కాదు, ఒంటరిగానైనా వాటిలోకి ఎవరూ రాలేదు.

ఏ సర్కారూ నా కోసం రూలు తేదని తెలుసు. కనుక నేనే పెడుతున్నాను. ఆదివారం పీట మీద నేను కూర్చుంటాను. నా పక్క పీట ఖాళీగా ఉంటుంది. అది చూడలేనివాళ్లు దయచేసి రావద్దు. నాలుగు వందలు నలభై అయినా సరే, నలుగురే మిగిలినా సరే.

తక్కువ మందితో పని ఎలా జరుపుకోవాలో మీరే కదా నాకు నేర్పింది.