మా తోడల్లుడి పవర్ బోటు చల్లగా ఉండాలి!

మనిషి ఆరోగ్యానికి పాలూ పండ్లూ ఎంత అవసరమో, పవర్ బోటూ అంతే అవసరం. అయితే ఒక్క షరతు. ఆ బోటు మనది కాకూడదు. మనం దాని పక్కనే ఓ చిన్న తెరచాప పడవలో, గాలి కోసం ఆకాశం కేసి బిక్కమొహం వేసుకుని కూర్చోవాలి. అప్పుడే దాని గుణం ఒంటికి పూర్తిగా పడుతుంది!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఊరిని ఆనుకుని ఒక రిజర్వాయరు ఉంది. ఆదివారం వస్తే మా ఆవిడా నేనూ మా తెరచాప పడవ వేసుకుని అందులోకి దిగుతాం. పడవ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఇద్దరు కూర్చుంటే సుఖం, ముగ్గురు కూర్చుంటే చుట్టరికం. కెప్టెన్ మా ఆవిడ. చుక్కాని ఆవిడ చేతిలో ఉంటుంది, తెరచాప తాడు నా చేతిలో ఉంటుంది. "లాగండి" అంటే లాగుతాను, "వదలండి" అంటే వదులుతాను. పెళ్ళయిన నాటి నుంచీ మా ఇంట్లో ఇదే ఏర్పాటు కనుక, నేను కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

అదే రిజర్వాయరులో మా తోడల్లుడికి పవర్ బోటు ఉంది. ఆయన పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలో మిషను తిప్పుతాడు, ఆదివారం నీళ్ళలో తిప్పుతాడు. చెవికి అలవాటైన మోత లేకపోతే తోచదు పాపం! తేడా అల్లా ఒక్కటే. క్లినిక్‌లో అయితే ముందు మత్తు సూది ఇస్తాడు.

ఆ బోటు పక్కనుంచి పోతే లేచే అల ఉంది చూశారూ, దానికి మేం ఎంత ఋణపడి ఉన్నామో! జిమ్ముకు వెళ్ళి, అద్దం ముందు నిలబడి, నడుములు తిప్పుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. మేం ఊరికే కూర్చుంటాం. బోటే వచ్చి మా నడుములు తిప్పి పోతుంది. ఫ్లాస్కు వంచితే కప్పులో పడే టీ కంటే నా ఒళ్ళో పడే టీయే ఎక్కువ. టీ తగ్గించమని డాక్టర్లు మొత్తుకోవడం లేదూ? మందుల్లేకుండా మాన్పించాడు మా తోడల్లుడు!

ఇక సంగీతం. ఆ బోటుకు అంతంత స్పీకర్లు వాళ్ళు వినడానికే పెట్టుకున్నారని మొదట్లో అనుకునేవాణ్ణి. ఎంత అల్పబుద్ధి నాది! ఆ ఇంజన్ హోరులో బోటులో ఉన్నవాళ్ళకు పాట వినబడే ప్రసక్తే లేదు. అదంతా మా కోసం. ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నవాళ్ళ కోసం, ఆ గాలానికి పడని చేపల కోసం. ఇంతటి నిస్వార్థం ఈ రోజుల్లో ఎక్కడుందండీ?

ఒడ్డున బోట్ క్లబ్బు వాళ్ళు ఒక బోర్డు పాతారు. ఇంజన్ ఉన్న పడవలు తెరచాప పడవలకు దారి ఇవ్వాలని దాని మీద స్పష్టంగా రాసి ఉంది. మా తోడల్లుడు ఇవ్వడని ఎవరన్నారు? బ్రహ్మాండంగా ఇస్తాడు. మమ్మల్ని దాటేశాక, తన వెనకాల ఉన్న రిజర్వాయరంతా మాకే ఇచ్చేస్తాడు!

"అంత దగ్గరగా రావడం ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"భలేవాడివే అన్నయ్యా. చుట్టాలం కదా, పలకరించకుండా పోతే బాగుంటుందా?" అన్నాడు.

ఇంతటి ఆప్యాయత మా ఇద్దరికే పరిమితం కావడం న్యాయం కాదు కదా! దేవుడి దయవల్ల మా మామగారికి కూడా కొంత అందింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మా మామగారు బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య ఉద్యోగం చేశారు. అక్కడ పక్కవాడితో కష్టసుఖం చెప్పుకోవాలన్నా గొంతు చించుకోవాలట. రిటైరయ్యాక మిల్లు ఆయన్ని వదిలింది గానీ, ఆ గొంతు వదల్లేదు. ఆయన "ఉప్పందుకోమ్మా" అంటే వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. ఫోన్లో మాట్లాడుతుంటే, ఈమాత్రానికి ఫోనెందుకు, దండగ, అనిపిస్తుంది.

మా అత్తగారు పోయాక ఇంట్లో ఆ కేకలు ఆగిపోయాయి. మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నారని కాదు, మాట్లాడడమే మానేశారు. అడిగినదానికి తలూపడం, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం. అంతే. ఆ కేకలకు చెవులు మూసుకున్నవాళ్ళమే, ఒక్క కేక వినబడితే బాగుండునని ఎదురు చూసేవాళ్ళం.

"నాన్నని ఓసారి నీళ్ళ మీదికి తీసుకెళ్దామండీ" అంది మా ఆవిడ.

తీసుకెళ్ళాం. లైఫ్ జాకెట్ తొడిగి, పడవ మధ్యలో కూర్చోబెట్టాం. ఒడ్డు దూరమైంది. పిల్లగాలికి తెరచాప నిండింది. పడవ నీటిని ఒరుసుకుంటూ పోతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఏంటమ్మా ఇదీ! ఏమీ వినబడ్డం లేదు! చెవులు గానీ పోయాయా నాకు?" అని గట్టిగా అరిచారు మామగారు.

"నీ చెవులకేం కాలేదు నాన్నా. ఇక్కడ చప్పుడే లేదు" అంది మా ఆవిడ నవ్వుతూ.

ఆయన తల ఓ పక్కకు వంచి చాలాసేపు విన్నారు. నీటిలో వేళ్ళు ముంచి చూశారు. తర్వాత "అమ్మడూ" అని ఎవరో పిలిచారు. ఎవరో అని ఎందుకంటున్నానంటే, ఆ గొంతు మేమిద్దరం ఎప్పుడూ విననిది. అంత మెత్తటి గొంతు ఆయన లోపల ఉన్నట్టు మాకు తెలియదు. మా ఆవిడ ఉలిక్కిపడి తిరిగి చూసింది.

"మీ అమ్మ చివర్లో నీ గురించి ఒక మాట చెప్పిందమ్మా. నీకు చెప్పమంది. నా గొంతు తెలుసుగా నీకు. అది అరిచి చెప్పే మాట కాదు. అందుకే ఇన్నాళ్ళూ నాలోనే ఉండిపోయింది" అన్నారు.

"ఏమంది నాన్నా?"

మామగారు ముందుకు వంగారు.

సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు పలకరించడానికి వచ్చాడు!

మామగారి పెదవులు కదలడం చూశాను. వినబడింది మాత్రం ఇంజనూ, స్పీకర్లలో డప్పులూ. నీటి తుంపర మొహం మీద కొట్టింది. మా ఆవిడ "వదలండి!" అని అరిచిందట. నాకు అదీ వినబడలేదు. వదలవలసిన తాడు లాగిపట్టుకుని కూర్చున్నాను. అల వచ్చి పడవ కిందికి దూరింది. ముగ్గురం నీళ్ళలో పడ్డాం.

బోల్తా పడిన పడవను పట్టుకుని తేలుతున్నాం. మామగారి కళ్ళజోడు మునిగిపోయింది. ఆయన నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరవుతున్నారు. మా ఆవిడ ఒక చేత్తో పడవను, ఒక చేత్తో తండ్రిని పట్టుకుంది. బోటు గుండ్రంగా తిరిగి, ఇంకో రెండు అలలు కానుకగా ఇచ్చి, మా ముందుకొచ్చి ఆగింది.

"ఏంటి వదినగారూ, ఈతకొట్టేస్తున్నారా? నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అన్నాడు మా తోడల్లుడు. తర్వాత మామగారి మొహం కనబడేసరికి మా తోడల్లుడి మొహం పాలిపోయింది.

ఒక్క ఉదుటున మామగారిని పైకి లాగి, తువ్వాలు చుట్టి, రయ్యిమని ఒడ్డుకు చేర్చాడు. ఇప్పుడు చెప్పండి! పవర్ బోటే లేకపోతే ఆయన్ని ఆ సమయానికి ఒడ్డుకు చేర్చేదెవరు? పవర్ బోటే లేకపోతే నీళ్ళలో తోసేదెవరు అని అడిగేవాళ్ళు ఉంటారు. అలాంటి సంకుచితులతో నేను వాదించను.

ఛాతీలో నెమ్ము చేరి మామగారు ఆసుపత్రిలో పడ్డారు. మా తోడల్లుడు క్లినిక్ మూసేసి మంచం పక్కనే కూర్చున్నాడు, జావ తాగించాడు, కాళ్ళు పట్టాడు. మనిషి మంచివాడు. అదే వచ్చిన చిక్కు!

కాస్త తేరుకున్నాక మా ఆవిడ అడిగింది. "నాన్నా, ఆ రోజు అమ్మ ఏమందన్నావు?"

మామగారు చుట్టూ చూశారు. ఫ్యాను కిర్రుమంటోంది. పక్క మంచం చుట్టాలు పోట్లాడుకుంటున్నారు. "ఇక్కడ కాదులేమ్మా!" అన్నారు. వార్డు వార్డంతా తిరిగి చూసింది.

ఆయన్ని ఇంటికి తెచ్చాక మా ఆవిడ బోట్ క్లబ్బు సమావేశానికి వెళ్ళింది. తాడు లాగడానికి అలవాటుపడినవాణ్ణి కనుక వెనకాలే నేనూ వెళ్ళాను. క్లబ్బులో భద్రతా వ్యవహారాలు చూసేది ఎవరో ఊహించండి. మా తోడల్లుడే!

"నేను కొత్తగా ఏమీ అడగను. ఒడ్డున మీరు పాతిన బోర్డు మీద ఏముందో అది జరిపించండి, చాలు" అంది మా ఆవిడ.

"నిజంగా మీ పడవ నేను చూసుకోలేదు వదినగారూ. చప్పుడుంటేగా తెలిసేది!" అన్నాడు మా తోడల్లుడు నొచ్చుకుంటూ.

"చూడకపోతే పలకరించడానికి ఎలా వచ్చారు మరిదిగారూ?"

అందరూ నవ్వారు. నవ్వని మనిషి ప్రెసిడెంటు ఒక్కడే. ఆయన ఇంటి పేరు చెప్పుకునేవాళ్ళు తక్కువ, రెండు పవర్ బోట్లాయన అంటేనే తెలుస్తుంది. ఆయన గొంతు సవరించుకుని, ప్రమాదానికి మూలకారణం దొరికిందన్నాడు. తెరచాప పడవలు చప్పుడు చెయ్యవు. చప్పుడు చెయ్యని పడవ ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? కనుక ఇకమీదట ప్రతి తెరచాప పడవలోనూ హారన్ ఉండాలి, నీళ్ళలో ఉన్నంతసేపూ దాన్ని మోగిస్తూనే ఉండాలి. తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది.

ఎంత సూక్ష్మబుద్ధి! ఇల్లు తగలబడితే నిప్పు పెట్టినవాణ్ణి వెతికే కాలం పోయింది. అసలు అక్కడ ఇల్లెందుకు కట్టావని అడగాలి!

హారన్ మా తోడల్లుడే కొని తెచ్చిచ్చాడు. "మామయ్యగారి క్షేమం ముఖ్యం అన్నయ్యా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మామగారు కోలుకున్నారు. ఇంట్లో నోరు తెరిస్తే మాత్రం మళ్ళీ ఆ మిల్లు గొంతే వస్తోంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని, "పడవెప్పుడు?" అని తనే అడిగారు. మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళాం. మా ఆవిడ చుక్కాని పట్టుకుంది. నేను ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో హారన్ నొక్కుతున్నాను. మామగారు కూతురి మొహం చూస్తారు, నోరు తెరుస్తారు, హారన్ విని మూసుకుంటారు.

"ఆపండి" అంది మా ఆవిడ.

నాకు క్లబ్బు ఒక కెప్టెన్, ఆవిడ ఒక కెప్టెన్. ఎవరి మాట వినాలో మీకు వేరే చెప్పాలా? ఆపేశాను.

మళ్ళీ ఆ పిల్లగాలి, నీటి చప్పుడు. "అమ్మడూ" అన్నారు మామగారు మెత్తగా.

హారన్ ఆగిందని ఒడ్డున ఉన్నవాళ్ళు పసిగట్టారు. మాకేమైందో కనుక్కోవడానికి భద్రతా విభాగం బయలుదేరింది. దేని మీద బయలుదేరుతుంది మరి? పవర్ బోటు మీదే! అలలు రేపుకుంటూ, మైకులో "అన్నయ్యా! హారన్ వినబట్టం లేదు! క్షేమమేనా?" అని అరుచుకుంటూ మా తోడల్లుడు వచ్చేస్తున్నాడు.

మామగారు నిలబడ్డారు. పడవ ఊగిపోయింది. మా ఆవిడ ఆయన నడుము పట్టుకుంది. ఏనాడూ చిన్నల్లుణ్ణి "డాక్టరుగారూ" అని తప్ప పిలిచి ఎరగని మనిషి, మిల్లులో మగ్గాలన్నిటినీ మించిన గొంతు ఎత్తారు.

"అల్లుడూ! ఇంజనాపు!"

ఆ కేకకు అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. ఇంజన్ ఆగింది. పాట ఆగింది. మా తోడల్లుడు తన పేషెంట్లలాగే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. దూరంగా తిరుగుతున్న తక్కిన బోట్లు కూడా ఒక్కొక్కటే ఆగాయి. రిజర్వాయరంతా నిశ్శబ్దమైపోయింది.

మామగారు కూర్చున్నారు. కూతురి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గరికి వంగి, చెప్పవలసిన మాట చెప్పారు. మా ఆవిడ చుక్కాని వదిలేసి ఆయన భుజం మీద తల పెట్టుకుంది. పడవ తనకు తోచినట్టు పోయింది.

ఆ మాట ఏమిటని నన్నడక్కండి. నాకు వినబడలేదు. వినబడకూడదు కూడా. ఒక మాట మెల్లగా చెప్పడానికి ఆ పెద్దాయన ముందు అంత గట్టిగా అరవవలసి వచ్చిందే, నా బాధల్లా దాని గురించే.

అయితే క్లబ్బు వారు ఊరుకోలేదు. ప్రెసిడెంటుగారు అత్యవసర సమావేశం పిలిచారు. రేపు సాయంత్రం మేమిద్దరం హాజరు కావాలి. చర్చనీయాంశం ఏమిటంటారా? తెరచాప పడవల వల్ల రిజర్వాయరులో పెరిగిపోతున్న శబ్దకాలుష్యం!