రాత్రి వీధి అభివృద్ధి

మిల్లు వెనక వీధికి ఇకమీదట నిద్ర ఉండబోదని మంత్రి మోహనకృష్ణ గారు ప్రకటించారు. రాత్రిపూట పాట, ఆట, తిండి, జనం ఉన్న వీధే నాగరికతకు గుర్తని, విదేశీ పర్యటనలో తాను స్వయంగా ఒక రాత్రంతా మేలుకుని ఈ సంగతి కనిపెట్టానని చెప్పారు. దానికి ‘నైట్ లైఫ్ అండ్ లైవ్ ఎంటర్‌టైన్‌మెంట్ జోన్’ అని పేరు పెట్టారు. ఆ పేరు పూర్తిగా పలికేసరికే కొంత రాత్రి గడిచిపోతుంది కాబట్టి మొదటి అడుగు పడినట్టే.

మంత్రిగారు టీవీలో ఈ మాట చెబుతున్నప్పుడు ఆ వీధిలో పాట, ఆట, తిండి, జనం అన్నీ ఉన్నాయి. ఒక మూల గప్‌చుప్ బండి, ఇంకో మూల తాతమ్మ బజ్జీల మూకుడు, ఎచ్చెర్ల నుంచి షేర్ ఆటోల్లో దిగిన యూనివర్సిటీ పిల్లలు, షిఫ్టు దిగిన మిల్లు జనం, మధ్యలో రేకుల షెడ్డు కింద లక్ష్మణమ్మ జముకుల కథ. ఆమె పాడుతుంటే భర్త గంగులు పక్కన కూర్చుని జముకు వాయిస్తాడు.

ఎల్లమ్మ కథ ఎత్తి అది రెండో రాత్రి. మొత్తం ఏడు రాత్రుల కథ. ఎత్తిన కథను హారతి పాడి దించకుండా వదిలేసిన మేళానికి మళ్ళీ ఏ ఊరివాళ్ళూ తాంబూలం ఇచ్చి పిలవరు. విన్నవాళ్ళకూ మంచిది కాదు. సగం కథ విని లేచిపోయిన వాళ్ళ ఇంట్లో ఏడాదంతా సగం పనులే అవుతాయంటారు. సగం కుట్టిన జాకెట్టు, సగం కుదిరిన సంబంధం, సగం ఉడికిన పప్పు. అందుకని మొదటి రాత్రి చాప వేసినవాళ్ళెవరూ ఏడో రాత్రి దాకా మానరు.

మర్నాడు పొద్దున్నే మున్సిపల్ కమిషనర్ హరిబాబు వచ్చాడు. మంచి అధికారి. ఎవరినైనా ఖాళీ చేయించే ముందు యోగక్షేమాలు అడుగుతాడు.

“బాగున్నావా అమ్మా? ఇక్కడికి నైట్ లైఫ్ వస్తోంది. మీరు ఖాళీ చెయ్యాలి.”

“ఎప్పుడొస్తాది బాబూ?”

“ఇంకో నాలుగు రోజుల్లో ఓపెనింగ్.”

“వచ్చినోళ్ళు ఏటి సేత్తారు?”

“పాడతారు, ఆడతారు. జనం తింటూ చూస్తారు.”

లక్ష్మణమ్మ షెడ్డు కేసి ఓసారి చూసుకుంది. “మేం సేత్తన్నది అదే గదా బాబూ.”

“మీది అన్‌ఆర్గనైజ్డ్ అమ్మా. కావాలంటే అప్లికేషన్ పెట్టుకో. మూడేళ్ళ అనుభవం చూపించాలి.”

“ముప్పయ్యేళ్ళ బట్టి పాడతన్నాను.”

“ఎక్కడ?”

“ఇక్కడే.”

“ఇక్కడ నైట్ లైఫ్ ఇంకా మొదలే కాలేదు కదమ్మా,” అన్నాడు హరిబాబు ఓపిగ్గా.

“మరి నా కత? ఇంకా అయిదు రేత్రులున్నాది. దింపకపోతే నా మేళం మూలబడిపోతాది బాబూ.”

“దింపుకో, ఎవరొద్దన్నారు? రైలు గేటు అవతల పాత ఇటుకబట్టీ స్థలం ఉంది. కరెంటు మాత్రం లేదు.”

మూడో రాత్రి కథ ఇటుకబట్టీ దగ్గర సాగింది. విన్నవాళ్ళంతా చాపలు చంకన పెట్టుకుని గేటు దాటారు. వినేవాళ్ళకు ఆకలి వేస్తుంది కాబట్టి తాతమ్మ మూకుడు వెళ్ళింది. కారం తిన్నవాడికి టీ కావాలి కాబట్టి టీ బండి వెళ్ళింది. అయిదో రాత్రికి, లక్ష్మణమ్మ గొంతు తడుపుకునే వ్యవధిలో ఆడతామని తప్పెటగుళ్ళ వాళ్ళూ దిగారు.

ఈలోగా వీధి అభివృద్ధి చెందింది. స్వాగత తోరణం వచ్చింది. రంగు లైట్ల చెట్లు మొలిచాయి. నలభై స్టీలు కుర్చీలు నేలకు బిగించారు. జనం క్షేమం కోరి బోర్డులు పెట్టారు: తినుబండారాలు తేరాదు. గుంపులుగా నిలబడరాదు. పది దాటాక శబ్దం చేయరాదు.

ఏడో రాత్రి మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. కుర్చీలన్నిటా మున్సిపల్ సిబ్బంది కుటుంబ సమేతంగా కూర్చున్నారు. టెండరులో ఎంపికైన బ్యాండు హుషారుగా వాయించి, బోర్డును గౌరవించి పదింటికి ఆపేసింది. వీధి ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, గేటు అవతల జముకు మోత మంత్రిగారి చెవిన పడింది.

“ఏమిటయ్యా అది?”

“అనధికార నైట్ లైఫ్ సార్,” అన్నాడు హరిబాబు.

మంత్రిగారు కళాహృదయులు. ఆరు కార్లతో గేటు దాటారు. అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. తాతమ్మ బజ్జీలు కాగితంలో పెట్టి అందిస్తే నిలబడే నాలుగు తిన్నారు. కథలో ఎల్లమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఇంకో అరగంట పాడితే హారతి. పళ్ళెంలో కర్పూరం సిద్ధంగా ఉంది.

అప్పుడు మంత్రిగారికి కార్లోంచి బ్యాటరీ మైకు తెచ్చారు. జముకు ఆగింది.

“నేను కలగన్నది సరిగ్గా ఇదే,” అన్నారాయన గద్గదంగా. “మీ అందరి సాక్షిగా మాట ఇస్తున్నాను. ఈ స్థలాన్ని కూడా అభివృద్ధి చేస్తాం. కొలతలు ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కార్ల లైట్ల వెలుగులో ఇంజనీరు టేపు లాగుతూ, కాస్త జరగమ్మా అన్నాడు. లక్ష్మణమ్మ కర్పూరం కొంగున ముడేసుకుని లేచింది.

“జముకు సంకనెట్టు మావా.”

“ఎటెల్దామే?”

ఆమె గంగులు చెవిలో చెప్పింది. గంగులు తాతమ్మ చెవిలో చెప్పాడు. తాతమ్మ నుంచి ఆ మాట చాప చాపకూ పాకింది. చాపలు చుట్టుకున్నాయి, మూకుడు దిగింది, ఆటోలు స్టార్టయ్యాయి.

హరిబాబు పరుగున వచ్చాడు. “ఎక్కడికమ్మా వెళ్తున్నారు?”

“సెప్పం బాబూ. సెపితే అది కూడా బాగుసేసేత్తారు.”

రెండు నిమిషాల్లో ఇటుకబట్టీ ఖాళీ అయింది. మైకు పట్టుకున్న మంత్రిగారు ఆశ్చర్యపోయారు.

“జనం ఏరయ్యా?”

“అభివృద్ధికి స్వచ్ఛందంగా సహకరించారు సార్,” అన్నాడు హరిబాబు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. రైలు కట్ట దిగుతున్న లక్ష్మణమ్మకు వెనక నుంచి ఒక్క మనిషి చప్పట్లు చాలాసేపు వినిపించాయి.