పెన్సిల్ ఇంటూ గుర్తు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, ఇందులో ఒక ప్లీడరమ్మ పరువు కూడా కలిసి ఉంది.

గుండుసూది అని ఒక పిల్ల ఉండేది. అసలు పేరు వేరే ఉంది గానీ, సన్నగా, నిటారుగా, మాట సూటిగా ఉంటుందని ఇంట్లో పెట్టిన పేరే నిలిచిపోయింది. పిన్నీ బాబాయిల దగ్గర ఉంటూ ఒక ప్లీడరమ్మ ఆఫీసులో పారాలీగల్ పని నేర్చుకుంటోంది. అంటే ప్లీడరుకు కాగితాల పనిలో చేయందించే ఉద్యోగమన్నమాట. అక్కడికి వచ్చేవన్నీ మొగుడూ పెళ్ళాల తగాదాలే. అంతకు ముందు ఆ పిల్లకు రెండు ఉద్యోగాలు పోయాయి. రెండు చోట్లా ఒకటే ఫిర్యాదు: చెప్పిన పని చెప్పినదానికంటే ఎక్కువ చేస్తుందని. ఈసారి మాత్రం వచ్చే వారం బుధవారం శిక్షణ సర్టిఫికెట్ మీద సంతకం పడాలి, పడితే అక్కడే ఉద్యోగం. పడకుండా ఇంటికి రానని అద్దంలో తన మొహానికే మాటిచ్చుకుంది.

ఆ సోమవారం పొద్దున్న ఆమె తలపెట్టిన పని చాలా చిన్నది. సాధన కోసం ఒక విడాకుల నోటీసు రాసి, ప్లీడరమ్మతో దిద్దించుకోవడం.

"ఊహించి రాయకు," అని ప్లీడరమ్మ ముందే చెప్పింది. "ఊహించిన మొగుడికి తారీఖులుండవు. తారీఖు లేని నింద చాడీ కింద లెక్క. తెలిసిన సంసారం తీసుకో. అసలు నోటీసుకి ఏమేం ఉంటాయో అన్నీ ఉండాలి, ఒక్కటి తగ్గినా మళ్ళీ రాయిస్తా."

గుండుసూదికి దగ్గరగా తెలిసిన సంసారం ఒక్కటే. బాబాయి గడియారాలు బాగుచేస్తాడు, కింద కొట్టు, పైన ఇల్లు. పిన్ని బడిలో లెక్కల టీచరు. పిన్ని రోజూ వంటింట్లో అనే మాటలన్నీ ఈ పిల్ల నోటు పుస్తకంలో తారీఖులతో సహా ఉన్నాయి. కూర్చుని రాసింది. ఒకటో పేరా: ఊళ్ళో వాళ్ళ గడియారాలన్నీ బాగుచేసే భర్త, స్నానాలగదిలో ఏడు నెలలుగా కారుతున్న కుళాయిని ముట్టుకోలేదు. రెండో పేరా: ఇంట్లో ఇరవై మూడు గడియారాలుండగా ఏ రెండూ ఒకే వేళ చూపవు, అడిగితే అవి పరిశీలనలో ఉన్నాయంటాడు. మూడో పేరా: భార్య మాట్లాడేటప్పుడు కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యడు. ఇలా ఎనిమిది పేరాలు. చివర, ఇక కలిసి ఉండలేనని, పదిహేను రోజుల్లో జవాబివ్వాలని. పేర్లు, చిరునామా, పెళ్ళి తారీఖు, అన్నీ నిజమైనవే.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. సంతకం కావలసిన కాగితం మీద మూలన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెడతారు. ఒక్కటి తగ్గినా మళ్ళీ రాయిస్తానంది కదా అని గుండుసూది దీనిమీదా ఆ గుర్తు పెట్టి, ప్లీడరమ్మ బల్ల మీద ఉంచి, నకళ్ళు తేవడానికి కోర్టుకు వెళ్ళింది.

ప్లీడరమ్మ ఫోన్లో ఎవరికో ఓర్పు గురించి చెబుతూ, గుర్తున్న చోటల్లా సంతకం చేసుకుంటూ పోయింది. వెనకాలే టపా గుమాస్తా వచ్చాడు. ఆయన సంతకం ఉన్న కాగితాన్ని కవర్లో పెడతాడు, చిరునామా అంటిస్తాడు, రిజిస్టర్ పోస్టు చేస్తాడు. లోపల ఏముందో చదవడు. "ముప్పై ఆరేళ్ళుగా ఒక్క కాగితం చదవలేదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునే మనిషి. గుండుసూది తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. దిద్దడానికి ఇంటికి పట్టుకెళ్ళారు కాబోలనుకుని, పెద్దావిడను తొందర పెట్టకూడదని ఊరుకుంది.

బుధవారం పోస్టుమాన్ కొట్టు దగ్గర బాబాయి చేత సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు. బాబాయి భూతద్దంతోనే చదివాడు. అక్షరాలు పెద్దగా కనిపించినకొద్దీ మనిషి చిన్నబోయాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఇవన్నీ తన భార్య నోటి మాటలే. సాయంత్రం గుండుసూదిని కొట్టు వెనక్కి పిలిచాడు.

"అమ్మాయ్, ఈమధ్య మీ ఆఫీసుకి మనకి తెలిసినవాళ్ళెవరైనా వచ్చారా?"

ఆఫీసులో నేర్పిన మొదటి పాఠం ఆ పిల్ల మరిచిపోతుందా. "ఆఫీసు విషయాలు గడప దాటకూడదు బాబాయ్."

"అంటే వచ్చారన్నమాట."

"వచ్చారనీ అనను, రాలేదనీ అనను."

బాబాయి చేతిలో ఉన్న చిన్న స్క్రూని కాసేపు తిప్పాడు. "వచ్చినవాళ్ళు బాగా కోపంగా ఉన్నారా?"

"మా దగ్గరికి నవ్వుతూ ఎవరొస్తారు బాబాయ్?"

ఇక ఆయనకు అనుమానం మిగల్లేదు. భార్యను అడిగే ధైర్యమూ లేదు. అడిగితే అవునంటుందేమోనని. చేతనైనది చేద్దామనుకున్నాడు. గురువారం కుళాయి కారడం ఆగిపోయింది. శుక్రవారానికి ఇంట్లో గడియారాలన్నీ ఒకే వేళ చూపించాయి, ఎనిమిది కాగానే అన్నీ ఒక్కసారి మోగేసరికి పిన్ని చేతిలో గిన్నె జారిపోయింది. శనివారం ఆవిడ బడి సంగతులు చెబుతుంటే భూతద్దం తీసి జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"నువ్వు చెప్పు. వింటున్నా."

పిన్నికి ఇది కొత్త. లెక్కల టీచరు కదా, కూడి చూసుకుంది. కుళాయి, గడియారాలు, చూపు. మూడింటినీ కలిపితే ఆవిడకు రెండే జవాబులొచ్చాయి: మనిషికి పెద్ద జబ్బయినా అయ్యుండాలి, బయట ఇంకొకరైనా ఉండాలి. గుండుసూదిని అడిగితే, "ఎవరి సంసారం గురించీ నేను మాట్లాడకూడదు పిన్నీ," అంది. ఆ మాటతో రెండో జవాబు గట్టిపడింది.

అవతల బాబాయికి పక్క కొట్టు మంగలి సలహా చెప్పాడు. "జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే బావా. పేరా పేరాకీ రాసి పంపించెయ్." బాబాయి ఆదివారం కూర్చుని రాశాడు.

తరవాతి బుధవారం, అంటే సర్టిఫికెట్ రోజు, పొద్దున్నే టపా విప్పడం గుండుసూది పని. మూడో కవరు చేతిరాతది. ఎరిగిన రాత.

"పేరా ఒకటి, కుళాయి. ఒప్పుకుంటున్నాను. గురువారం బాగుచేశాను. పేరా రెండు. ఇరవై మూడు కాదు, ఇరవై రెండు, ఒకటి ఉత్త పెట్టె. పేరా మూడు. భూతద్దం తీశాను. అప్పటినుంచి ఆవిడ మాట్లాడ్డం తగ్గించింది. ఎందుకో తెలియలేదు. విడిపోవడం గురించి: పదిహేను రోజుల గడువు నాకు చాలదు. నేను నెమ్మదిగా పనిచేసే మనిషిని. దయచేసి పొడిగించగలరు."

తన సాధన నోటీసు నిజంగానే టపాలో వెళ్ళిపోయిందని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. ఆ కాగితం ఇంకెవరూ చూడలేదు. సొరుగులో పడేస్తే మధ్యాహ్నానికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. సొరుగు తెరిచింది కూడా. "నేను నెమ్మదిగా పనిచేసే మనిషిని" అన్న బాబాయి పొందికైన అక్షరాలు తనవైపే చూస్తున్నట్టనిపించింది. సొరుగు మూసి, కాగితం తీసుకుని లేచింది.

లేచేసరికి ఎదురుగా పిన్ని. బడికి సెలవు పెట్టి వచ్చింది. "నువ్వు తప్పుకో, ప్లీడరమ్మతో మాట్లాడాలి," అని తిన్నగా లోపలికి నడిచింది.

"మీవారి మీద ఫిర్యాదేంటమ్మా?" అని ప్లీడరమ్మ కలం తీసింది.

"మంచిగా ఉంటున్నారండీ."

ప్లీడరమ్మ కలం కింద పెట్టింది. "ఎన్నాళ్ళుగా?"

"గురువారం నుంచి."

ఇంతలో గుమ్మం దగ్గర బాబాయి, గడువు సంగతి నోటితో కూడా అడుగుదామని. భార్యను చూసి అక్కడే ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ తమ అనుమానం నిజమైపోయింది.

"తప్పు నాది," అని గుండుసూది మధ్యలో నిలబడింది. ఒక్క పేరా వదలకుండా మొత్తం చెప్పింది. సాధన, ఇంటూ గుర్తు, బల్ల, టపా, చివరికి సొరుగు తెరిచిన సంగతి కూడా. "నాకు సర్టిఫికెట్ ఇవ్వకపోయినా పరవాలేదు. వీళ్ళు మాత్రం విడిపోకూడదు."

బాబాయి జేబులోంచి తీసిన నోటీసును ప్లీడరమ్మ అందుకుని చూసింది. అడుగున తన సంతకం, చుక్కతో సహా. ముఖం రంగు మారింది. గుమాస్తాను పిలిచింది. "ఇది చూశారా?"

"నేను చదవనమ్మా," అన్నాడాయన గర్వంగా. "మీరూ చదవలేదా?"

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ముందు నోటీసు చదివింది, తర్వాత జవాబు. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

"సరేనమ్మా, పొరపాటు మాదే. ఇప్పుడే నోటీసు వెనక్కి తీసుకుంటాం," అంది ప్లీడరమ్మ.

"ఆగండి," అంది పిన్ని. "ఏం తొందర? ఇరవై ఎనిమిదేళ్ళు నేను నోటితో చెప్పాను. కుళాయి కారుతూనే ఉంది. ఇది కాగితం మీద చెప్పింది, ఆగిపోయింది. దీన్ని ఇలాగే ఉండనివ్వండి."

"మరి గడువు?" అన్నాడు బాబాయి నెమ్మదిగా.

"మీరు చేసే పనికి పదిహేను రోజులేం సరిపోతాయి," అంది ఆవిడ, కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ. "నేనున్నన్నాళ్ళూ తీసుకోండి."

బాబాయి గుండుసూది వైపు తిరిగాడు. "అమ్మాయ్, నాకూ ఒకటి రాసిపెట్టు. ఆవిడ ఒక్కరోజూ కొట్లోకి దిగి నా పని చూడలేదు. తారీఖులు నేను చెబుతా."

పిన్ని ఆ సాయంత్రమే కొట్లోకి దిగి, పీట వేసుక్కూర్చుంది. అందువల్ల ఆ రెండో నోటీసు రాయాల్సిన పని పడలేదు.

సర్టిఫికెట్ మాటంటారా? అలవాటు చొప్పున గుండుసూది దాని మూలన కూడా ఇంటూ గుర్తు పెట్టింది. ప్లీడరమ్మ ముందు రబ్బరు తీసుకుని ఆ గుర్తు చెరిపింది, పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివింది, ఆ తర్వాతే సంతకం చేసింది.

ఈ సంగతి మీ మనసులో ఉంచుకుని, ఇంకో నలుగురికి చెప్పండి. కాగితం మీద పెట్టి చెప్పేటట్టయితే మాత్రం, దాన్ని ఎవరి బల్ల మీద వదిలి వెళ్తున్నారో చూసుకోండి.