రొజాలియాకి డెబ్భై ఒకటి, ఐదో నెల

మంగళవారం పొద్దున చిరిక్లి మనసులో ఉన్న పథకం చాలా చిన్నది. ప్రాజెక్టు మేడమ్ తెచ్చే టాబ్లెట్లో అందరికంటే ముందు చెవి బొమ్మ నొక్కాలి. పట్నంలో చెవి డాక్టరు దగ్గర తేదీ సంపాదించాలి. శుక్రవారంలోగా ఆయన రాసిన కాగితం నర్సింగు స్కూల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఆరేళ్ళ వయసు నుంచీ ఆమె ఎడమ చెవి చీము కారుతోంది. వినిపించక జవాబు చెప్పకపోతే, బడివాళ్ళు పిల్లకి బుర్ర లేదని తేల్చి మందబుద్ధుల తరగతిలో కూర్చోబెట్టారు. అందులోంచి బయటపడడానికి మూడేళ్ళు పట్టింది. పదిహేనేళ్ళకి ఈ సీటు చేతికందింది. అది పోతుందేమోనని చిరిక్లికి రెండు వారాలుగా అన్నం సయించడం లేదు. పట్నం ఆసుపత్రికి ఎనిమిదిసార్లు అర్జీ పెట్టారు. వర్బినాలో రోమా జాతివాళ్ళ గూడెం అని చెప్పగానే అక్కడ తేదీలు అయిపోయేవి. అంబులెన్సు సంగతి సరేసరి. తారు రోడ్డు ఆగిపోయే చోటే అదీ ఆగిపోయి, హారను కొట్టి రోగిని నడిచి రమ్మనేది.

సిదోనియా మేడమ్ పది గంటలకి దిగింది. ‘డిజిటల్ బాలిక, ఆరోగ్య బాలిక’ అన్న బ్యానరు కట్టించింది. దాని మీద నవ్వుతున్న పిల్లలు ఈ గూడెం వాళ్ళు కాదు, అసలు ఏ గూడెం వాళ్ళలాగా లేరు. పంచడానికి నలభై టోపీలు, ఒక టాబ్లెట్టు తెచ్చింది.

"ఒకటేనా మేడమ్?" అంది చిరిక్లి.

"పంచుకోవడం కూడా నేర్చుకోవాలమ్మా. ఏదీ, అందరూ టోపీలు పెట్టుకోండి, ఫోటో!"

ఫోటోలో పెద్దావిడ ఉంటే బాగుంటుందని మేడమ్ మొదట చిరిక్లి నానమ్మ వివరాలు ఎక్కించింది. పేరు రొజాలియా గాబొరొవా. వయసు డెబ్భై ఒకటి. ఇంటి నంబరు యాభై ఏడు. ఆ వరుసలో పని చేసే ఫోను నానమ్మది ఒక్కటే కనక ఆ నంబరు. ఫోటో అయిపోయింది. మేడమ్ టాబ్లెట్టు పిల్లల చేతిలో పెట్టి, కారులో కూర్చుని కాఫీ తాగడానికి వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గూడెంలో ప్రతి ఆడపిల్లకీ రెండు పేర్లుంటాయి. కాగితాల మీది పేరు గాజోల కోసం, అంటే రోమాలు కాని బయటివాళ్ళ కోసం. ఇంట్లో పేరు మనుషుల కోసం. కాగితం పేరు గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోరు, నానమ్మ పేరే రాయించేస్తారు. అందువల్ల చిరిక్లి, తొమ్మిదేళ్ళ కలోరి, బడిలో బోర్డు కనబడని షుకర్, ఇరవయ్యేళ్ళ లులుది, నలుగురూ కాగితాల మీద రొజాలియా గాబొరొవాలే. గూడెం మొత్తానికి మునిసిపాలిటీ ఇచ్చిన ఇంటి నంబరు కూడా ఒక్కటే.

చిరిక్లి తన పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు కొట్టగానే టాబ్లెట్టు "మళ్ళీ స్వాగతం, రొజాలియా! ఏమిటి బాధ?" అని పలికింది.

"అబ్బో, నిన్ను గుర్తుపట్టిందే!" అంది లులుది.

"మన్ని గుర్తుపట్టిన గాజో వస్తువు ఇదొక్కటే," అంటూ చిరిక్లి చెవి బొమ్మ నొక్కింది.

తరవాత కలోరి ఊగుతున్న పాలపన్ను నొప్పి అని నొక్కింది. షుకర్ కళ్ళ బొమ్మ నొక్కింది. లులుది అటూ ఇటూ చూసి, మగవాళ్ళెవరూ దగ్గర్లో లేరని నిర్ధారించుకుని, ఐదో నెల అని నొక్కింది. ప్రతి ఒక్కరికీ టాబ్లెట్టు మళ్ళీ స్వాగతం అంటూనే ఉంది. ఇంత మర్యాద జన్మలో ఎరగని పిల్లలు ఎంతో సంతోషించారు.

పావుగంటలో మేడమ్ ఫోను మోగింది. రాజధాని నుంచి, టాబ్లెట్టు పంపే వివరాలు చూసే పెద్ద డాక్టరు ప్రొఫెసర్ కొర్బెలి. చిరిక్లి కారు వైపు కుడి చెవి ఒగ్గి నిలబడి ఉంది కనక ప్రతి ముక్కా వినబడింది.

"డెబ్భై ఒక్కేళ్ళ మనిషికి ఐదో నెల. పాలపన్ను ఊగుతోంది. మీరు స్వయంగా చూశారా?"

మేడమ్‌కి కాదనే దారి లేదు. గూడెంలో నలభై మందినీ ఒక్కొక్కరినీ స్వయంగా పరీక్షించి నమోదు చేశానని నిన్ననే ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టేసింది మరి.

"చూ... చూశానండీ."

"ఎలా ఉంది మనిషి?"

"హుషారుగా ఉందండీ. టోపీ పెట్టుకుంది."

"పాలపన్ను నిజంగా ఉందా?"

మేడమ్ కారు అద్దంలోంచి పిల్లల కేసి చూసింది. "నవ్వినప్పుడు ఒకటి కనబడిందండీ."

"కదలనివ్వకండి! పెద్ద బస్సు వేసుకుని వస్తున్నా!"

పెద్ద బస్సంటే చెవికీ, కంటికీ, పంటికీ, కడుపుకీ వేరువేరు యంత్రాలున్న తెల్ల బస్సు. రెండేళ్ళ కిందట గూడేల కోసమని కొన్నారు. గూడేల దారులు బురదగా ఉంటాయని రాజధానిలో ఆఫీసు ముందే నిలిపి, పండగలకి రంగు కాగితాలు కట్టేవారు. చెవి పోటుతో ఏడ్చిన పిల్ల కోసం కదలని బస్సు, లేని మనిషి కోసం కొండలు దాటి మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. తారు రోడ్డు దాటిన పది గజాలకి ఇరుసు దాకా దిగబడింది. నలుగురు డాక్టర్లు దిగి నడిచారు. ప్రొఫెసరుగారి బూటు ఒకటి బురదలోనే ఉండిపోయింది.

"పేషెంటు ఎక్కడ?"

"నేనేనయ్యా," అంది నానమ్మ, చేతికంటిన పిండి దులుపుకుంటూ.

ప్రొఫెసరు ఆవిడ పొట్ట కేసి చూశాడు. "గర్భం?"

"ఒసే లులుదీ, ఇలా రావే! ఇదిగో బాబూ, అది దీని దగ్గరుంది. పన్ను ఆ చిన్నదాని దగ్గర. కళ్ళు ఈ పిల్లవి. చెవి ఇదిగో, దీనిది. నాకు మోకాళ్ళ నొప్పులు, కానీ ఆ బొమ్మ నొక్కడానికి నా వంతు రాలేదు."

ప్రొఫెసరు ముఖం ఎర్రబడింది. "ఇది మోసం! నా రోజంతా పాడుచేశారు! డ్రైవర్, బండి తియ్!"

చిరిక్లి ఆయన దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. "మీది ఒక రోజు సార్. నావి తొమ్మిదేళ్ళు పోయాయి," అంది.

ఆయన వినలేదు. బస్సు గర్జించింది, ఇంకో జానెడు దిగింది. తోయమని ఆయన అరుగుల మీది మగవాళ్ళని కేకేశాడు. వాళ్ళు లేవబోయి నానమ్మ ముఖం చూసి మళ్ళీ కూర్చున్నారు.

"నడుం నొప్పులయ్యా అందరికీ," అంది నానమ్మ. "టాబ్లెట్లో నొక్కండి, తేదీ వస్తుంది. ట్రాక్టరు వచ్చేసరికి మూడు గంటలు పడుతుంది. ఊరికే కూర్చోవడమెందుకు, ఆ చెవేదో చూడరాదూ?"

మరో దారి లేక ఆయన ఒంటి బూటుతో బస్సెక్కి చిరిక్లి చెవిలోకి దీపం వేశాడు. దీపం ఇంకా దగ్గరికి జరిపాడు.

"ఎవరికీ చూపించలేదా?"

"ఎనిమిదిసార్లు అడిగాం సార్. తేదీల్లేవన్నారు."

ఆయన చీము అంతా తీసి శుభ్రం చేసి, మందు వేసి, వచ్చే నెల తన ఆసుపత్రిలోనే ఆపరేషనుకి తేదీ రాసిచ్చాడు. ఎడమవైపు నుంచి కలోరి పన్ను డాక్టరుని తిడుతున్న తిట్లు పలచగా వినబడేసరికి చిరిక్లికి ఏడుపు ఆగలేదు. నర్సింగు స్కూలు కాగితం మీద వయసు డెబ్భై ఒకటని యంత్రం అచ్చు వేస్తే, ఆయన అది కొట్టేసి చేత్తో పదిహేనని దిద్ది సంతకం పెట్టాడు. అప్పుడు మగవాళ్ళ నడుం నొప్పులు తగ్గాయి. బస్సు బయటపడింది.

శుక్రవారం చిరిక్లి స్కూల్లో చేరింది. ‘ఒక రోగి, నాలుగు సమస్యలు, నూటికి నూరు శాతం పరిష్కారం’ అని సిదోనియా మేడమ్ నివేదిక పంపితే, రాజధానిలో శాలువా కప్పారు. నెలాఖరుకి పైవాళ్ళు టాబ్లెట్లో తప్పు సరిదిద్ది రొజాలియాలని విడివిడిగా నమోదు చేశారు. షుకర్ కళ్ళజోడుకి పద్నాలుగు నెలల తరవాత తేదీ వచ్చింది. నానమ్మ మోకాళ్ళకి అసలు రాలేదు.

ఆ శీతాకాలం గూడెంలో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ముగ్గురికీ రొజాలియా అనే రాయించారు.