పదికి మూడు మార్కులు

తిండి అలవాట్లను బట్టి మనిషి బతుకు ఎంత బాగుంటుందో కొలవడానికి కోడలు పనిచేసే ఆఫీసు ఒక ప్రశ్నపత్రం తయారుచేసింది. ఆ పని చూసింది ఆమే. సోమవారం నుంచి ఇల్లిల్లూ తిరిగి దాన్ని నింపించాలి. ముందు ఇంట్లో ఒకసారి సరిచూసుకుందామని శుక్రవారం పొద్దున్నే మామగారి చేతిలో ఒకటి పెట్టింది.

మామగారు ముప్ఫయ్యేళ్ళు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కాగితం చూడగానే నిటారుగా కూర్చున్నారు. ఆమె తయారై వచ్చేలోగా నింపి, మడిచి ఇచ్చారు.

"చోటు చాలక ఇంకో కాగితం జతచేశానమ్మా" అన్నారు.

ఆఫీసులో విప్పి చదివింది. పొద్దున టిఫిను: ఉండదు. ఎలా తింటారు: నిలబడి. ఎవరితో: ఒంటరిగా. తింటూ నవ్వింది ఎప్పుడు: గుర్తులేదు. బతుకు తీరుకు మార్కులు: పదికి మూడు. జతచేసిన కాగితంలో ఒకటే మాట: 'అడిగితే బాగానే ఉన్నాననే జవాబు వస్తుంది. నమ్మవద్దు.'

పగలంతా ఇంట్లో ఆయన ఒక్కరే. పెట్టి వెళ్ళింది తింటున్నారో లేదో చూసిందెవరు? వెంటనే కళ్ళజోళ్ళ దుకాణంలో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"మీ నాన్నగారు సరిగ్గా తినట్లేదండీ. నోటితో చెప్పుకోలేక రాసిచ్చారు."

"పొద్దున అడిగితే బాగానే ఉన్నానన్నాడే."

"అలాగే అంటారట. అదీ రాశారు."

అతను తన చెల్లెలికి చెప్పాడు. నర్సుగా పనిచేసే ఆ చెల్లెలికి ఆరోజు సెలవు. ఆవిడ తన పుట్టింటి పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడకు చెప్పింది. పెద్దాయన నొచ్చుకుంటారు కాబట్టి ఎందుకు తినిపిస్తున్నామన్నది మాత్రం ఆయన దగ్గర ఎత్తకూడదని అందరూ ఒట్టు వేసుకున్నారు.

ఒంటిగంటకు ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, పదకొండింటికి నేను తెచ్చిన క్యారేజీ తినిపించా. పన్నెండింటికి పైనావిడ పెట్టింది. ఇప్పుడు అన్నయ్య దుకాణం మూసొచ్చి పక్కన కూర్చుని తినిపిస్తున్నాడు."

"మామయ్య ఏమంటున్నారు?"

"బాగానే ఉన్నానంటున్నాడు."



రెండింటికి భర్త ఫోన్. "నాన్న తన చేతి గడియారం నాకిచ్చేశాడు. బీరువా తాళాలు చెల్లికిచ్చాడు. పుస్తకాలు పైనావిడ పిల్లలకట. నాకేదో భయంగా ఉంది."

ఆమె సెలవు చీటీ రాసి, ఉన్నపళంగా బయల్దేరింది.

ఇంట్లో మామగారు మంచం మీద పడుకుని ఉన్నారు, పొట్ట మీద చెయ్యి వేసుకుని. చుట్టూ ముగ్గురూ దిగాలుగా నిలబడ్డారు. కోడల్ని చూసి దగ్గరికి రమ్మన్నారు.

"నువ్వు నా దగ్గర దాచవు. డాక్టరు ఎన్నాళ్ళన్నాడమ్మా?"

"ఏ డాక్టరు మామయ్యా?"

"పొద్దుట్నుంచి మూడు భోజనాలు పెట్టారు. వద్దంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఆమాత్రం తెలుసుకోలేనా?"

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. "మీరు రాసిందే కదా. నిలబడి తింటున్నానని, ఒంటరిగా తింటున్నానని."

ఆయన లేచి కూర్చున్నారు. "ప్రశ్న చూడకుండా జవాబు దిద్దితే ఎలా? పైన ఏముందో చదువు."

ఆమె చదివింది. 'ఇంట్లో మీరు రోజూ గమనించే ఒకరి గురించి ఈ వివరాలు నింపండి.' మనుషులు తమ గురించి తాము నిజం చెప్పరని వాదించి, నెల కిందట ఆ వాక్యాన్ని చేర్పించింది ఆమే.

"నేను రోజూ చూసేది ఎవర్ని?" మామగారి గొంతు మెత్తబడింది. "పొద్దున్నే ఏమీ తినకుండా బస్సుకు పరిగెత్తేదెవరు? రాత్రి అందరికీ పెట్టి, వంటింట్లో నిలబడి, చేతికందింది మింగేదెవరు? మూడు మార్కులు కూడా అభిమానం కొద్దీ వేశాను."

భర్త తల దించుకుని వంటింట్లోకి వెళ్ళి కంచం కడిగి తెచ్చాడు. ఆడపడుచు కుర్చీ లాగి వదినను భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. పైనావిడ మిగిలిన కూర వేడిచేసింది. ఆమె తలవంచుకుని తింటూంటే, ఇంకో ముద్ద చూసే ఓపిక కూడా లేని మామగారు, పొట్ట పట్టుకునే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

సోమవారం ఆఫీసులో ఆమె ఆ కాగితాన్ని లెక్కలోంచి తీసేసి, కారణం రాయాల్సిన చోట 'నింపినవారికి పక్షపాతం ఉంది' అని రాసింది.