నోటీసు అతికించిన తలుపు

ఆ ఉదయం జాబితా మేడమ్ అనుకున్న పని చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, కమిషనరు సంతకమైన నోటీసు తీసుకోవాలి, మధ్యాహ్నం పన్నెండులోగా దాన్ని పాత పంపుహౌసుకు అతికించి ఫొటో తీయాలి, భోజనానికి ఇంటికొచ్చేయాలి. చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు వంటింట్లోంచే ఆరా తీసింది, ఇవాళ ఏ భవనం దగ్గరికని. పంపుహౌసని కోడలు చెప్పగానే ఆవిడ ఓ నిట్టూర్పు విడిచింది.

"నువ్వు కాపాడతానని వెళ్లిన బిల్డింగు ఒక్కటన్నా మిగిలిందా తల్లీ?"

ఎగతాళికి అన్నా, అందులో అబద్ధం ఇసుమంతయినా లేదు. పాత కట్టడాల పరిరక్షణ కార్యాలయంలో, ఏ కట్టడం రక్షిత జాబితాకు ఎక్కాలో తేల్చడం ఆమె ఉద్యోగం. ఆరేళ్లలో నాలుగు కట్టడాలకు ఫైళ్లు నడిపింది. ఫైళ్లు బల్లల మీద తిరుగుతుండగానే నాలుగూ నేలమట్టమయ్యాయి. ఫైళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఐదోది ఈ పంపుహౌసు. ఒకప్పుడు ఊరంతటికీ నీళ్లు తోడిన ఎర్ర ఇటుకల భవనం. దాని కమాను కిటికీల్లోంచి పొద్దుటి ఎండ పడుతుంటే చూసి, ఎవరూ లేరు కదా అని ఒకసారి ఏడ్చేసింది కూడా. దాన్ని కొన్న కాంట్రాక్టరు ఈ రోజు పన్నెండు దాటగానే కూల్చుకోవచ్చు. అంతకుముందే నోటీసు పడితే మాత్రం ఇటుక ముట్టుకోవడానికి వీల్లేదు. ఇదీ కూలిపోతే రికార్డుల గదికి బదిలీ అడిగేసి ఇక ఏ భవనం జోలికీ పోనని మొగుడితో చెప్పేసింది.

క్రితంసారి కేసు ఎందుకు పోయిందంటే, నోటీసు ముడత పడి ఫొటోలో తేదీ కనబడలేదు. అందుకని ఈసారి ముందుగా ఒక నకలును ఆఫీసు తలుపు మీద అతికించి, ఎంత దూరం నుంచి తీస్తే అక్షరాలు తేటగా వస్తాయో చూసుకుందామనుకుంది. నకలు తీసిపెట్టమని కాగితాలావిడను అడిగింది. అక్కడే తప్పులో కాలేసింది.

కాగితాలావిడ అంటే చివికిపోయిన పాత పత్రాలకు ప్రాణం పోసే మనిషి. జెరాక్సు అన్న మాట వింటేనే ఆవిడకు ఒళ్లు మంట. అదే రకం కాగితం తెచ్చి, అదే రంగు సిరా కలిపి, కమిషనరు ముద్ర ఒక పక్క కాస్త చెదిరి ఉంటే దాన్నీ అలాగే చెదరగొట్టి, నకలు తయారుచేసింది. వెనకవైపు మూలన, వృత్తిధర్మం కాబట్టి, పెన్సిలుతో సన్నగా 'నకలు' అని రాసింది. రెండింటినీ పక్కపక్కన బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్లింది.

జాబితా మేడమ్ వచ్చి, ఎడమచేతి వైపుదాన్ని చూసి, కుడిచేతి వైపుదాన్ని చూసి, కుడిచేతి వైపుది తీసుకుంది. పిండిజిగురు రాసి, గుడ్డతో ఒత్తుతూ ఒక్క ముడత లేకుండా తలుపుకు అతికించింది. ఎనిమిది అడుగుల దూరం నుంచి తీస్తే ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సంబరంలోనే లోపలికి వెళ్లి, అసలు నోటీసును సంచీలో పెట్టుకుందామని తీస్తూ ఎందుకో వెనక్కి తిప్పింది. మూలన సన్నగా 'నకలు' అని ఉంది.

అంటే తలుపుకు అతుక్కున్నది అసలు నోటీసు.

కాగితాలావిడ మాత్రం కంగారు పడలేదు. తమ శాస్త్రంలో ఏం చేసినా మళ్లీ విప్పడానికి వీలుండాలని, తన జిగురు తడిగుడ్డ పెడితే పావుగంటలో వదిలేస్తుందని ధైర్యం చెప్పి గుడ్డ తడిపి తెచ్చింది. ఆ గుడ్డ తలుపును తాకబోతుండగా మెట్ల మీద నుంచి "ఆగండి" అని వినిపించింది. ఆఫీసు పెద్ద వస్తున్నారు. ఆయన్ని అందరూ వెనక రూలుసారు అంటారు. ఎదురుగా అనకపోవడానికి కారణం, దానికీ ఏదో రూలు ఉంటుందన్న భయం.

అతికించిన నోటీసును ముప్పై రోజులపాటు ఎవరూ తీయకూడదు. తీస్తే నేరం. అద్దం తగిలించుకోవడానికి నోటీసు పీకాడని నిరుడు ఒక మంగలిని కోర్టు మెట్లు ఎక్కించింది ఈయనే. కొత్త నోటీసు రాయిద్దామంటే కమిషనరు పర్యటనలో ఉన్నారు, ఎల్లుండి గాని రారు.

"మనం అతికించిందే కదా సార్," అంది జాబితా మేడమ్.

"ఆ మంగలీ అంతే అన్నాడమ్మా, నా గోడే కదా సార్ అని."

పదిన్నరయింది. ఆమె మెట్ల మీద కూలబడి మొహం కొంగులో దాచుకుంది. కోపం వేరేవాళ్ల మీదయితే అరిచి తీర్చుకోవచ్చు. కొరివితో తల గోక్కున్నది తానే. పోనీ తడిగుడ్డ పెట్టేసి జైలుకు పోదామా అని కూడా ఒక్క క్షణం ఆలోచించింది. అప్పుడు ఆఫీసు వడ్రంగి, పాత కిటికీలు బాగుచేస్తూ ముసలివాడైపోయిన మేస్త్రీ, చెవిలో పెన్సిలుతో బయటికొచ్చి, తలుపును కిందికీ మీదికీ చూశాడు.

"నోటీసు తీయకూడదు, అంతేగా సారూ? తలుపు తీయకూడదని ఎక్కడన్నా ఉందా?"

రూలుసారు పుస్తకం తెప్పించి, వేలు తడి చేసుకుని, పేజీలన్నీ ఇటూ అటూ తిప్పారు. లేదు. ఒక రూలు లేనందుకు ఆయన సంతోషించడం సర్వీసులో అదే మొదటిసారి.

పైకెత్తితే ఊడివచ్చే పాతకాలపు బందులు కావడంతో తలుపు తేలిగ్గానే దిగింది. కాని ఆఫీసు జీపు కంటే అదే పొడుగు. చేసేదేం లేక మేస్త్రీ, జాబితా మేడమ్ ముందూ, కాగితాలావిడ, రూలుసారు వెనకా పట్టుకుని వీధిన పడ్డారు. మొదటి మలుపులోనే, ఆఫీసు ఎత్తేస్తున్నారని, సామాను తరలిపోతోందని పుకారు పుట్టింది. ఏళ్ల తరబడి ఆ ఆఫీసులో అర్జీలు పడి ఉన్నవాళ్లు అంగళ్లు వదిలి వెంటపడ్డారు. తమ ఫైలు ఏమైందో చెప్పి కదలమన్నారు. పరిశీలనలో ఉందని రూలుసారు తలుపు కిందనుంచే జవాబిస్తూ నడిచారు. చౌరస్తాలో కానిస్టేబులు ఆపి, ప్రభుత్వ సొత్తు బయటికి పోవాలంటే ఆఫీసు పెద్ద ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలన్నాడు. న్యాయమైన మాటేనని రూలుసారు మెచ్చుకుని, తలుపును రోడ్డు మీద నిలబెట్టించి, దాని అంచు మీదే కాగితం పెట్టుకుని, తనకు తానే అనుమతి రాసిచ్చుకున్నారు. ముచ్చటపడి కానిస్టేబులు కూడా ఒక చెయ్యి వేశాడు.

పదకొండూ నలభైకి పంపుహౌసు చేరేసరికి వెనక వందమంది జనం. యంత్రం అప్పటికే బుసలు కొడుతోంది. కాంట్రాక్టరు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వీళ్లను చూసి లేవనైనా లేవలేదు.

"మేడమ్, నోటీసు ప్రధాన ద్వారం తలుపు మీదే అతికించాలి, గోడ మీద చెల్లదు. ఈ బిల్డింగుకు తలుపు పోయి ముప్పై ఏళ్లయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న తలుపు లెక్కలోకి రాదు."

రూలుసారు పుస్తకం తీసి చూసి, మెల్లగా మూసేశారు. కాంట్రాక్టరు చెప్పింది నిజం. జాబితా మేడమ్ ఖాళీ గోడ వంక చూసింది. అనుకున్నదంతా అనుకున్నట్టు జరిగి ఉంటే, తాను ఈపాటికి ద్వారం పక్కన గోడకు ముచ్చటగా అతికించేసి, గెలిచాననుకుని ఇంట్లో భోంచేస్తూ ఉండేది. ఇటు ఈ భవనం కూలిపోయేది.

ఈ గొడవేదీ మేస్త్రీ చెవిన పడలేదు. అతను ఖాళీ ద్వారబంధం దగ్గర నిలబడి, గోటితో రంగు గీకుతున్నాడు. అడుగున ఉలితో కొట్టిన మూడు నిలువు గాట్లు, ఒక ఏటవాలు గాటు బయటపడ్డాయి. తలుపును పక్కకు ఒరిగించమని, దాని అంచు గీకాడు. మూడు నిలువు, ఒక ఏటవాలు. వెనకటి వడ్రంగులు ఏ తలుపు ఏ ద్వారబంధానిదో మారిపోకుండా జతకో గుర్తు కొట్టుకునేవాళ్లని, అతను మొలకు కొలతబద్ద దోపుకుంటూ అందరికీ వినబడేట్టు చెప్పాడు. ఆఫీసు పెట్టిన కొత్తలో ఎవరో పాత సామాను కుప్పలోంచి తలుపు ఏరుకొచ్చి ఉంటారట. కానిస్టేబులు సాయంతో తలుపును ఎత్తి, ద్వారబంధంలోని తుప్పుపట్టిన కీలాల మీదికి దించాడు. ఠక్కున కూర్చుంది. వేలితో నెడితే సాఫీగా మూసుకుంది. నోటీసు ఊరి వైపు తిరిగి, ముడత లేకుండా నిలబడింది.

కాంట్రాక్టరు ఇప్పుడు కుర్చీలోంచి లేచాడు.

"అయితే నా బిల్డింగు తలుపు ఎత్తుకుపోయింది మీరేనన్నమాట. ఇన్నేళ్లూ నా తలుపు మీ ఆఫీసుకు పెట్టుకున్నారా? కేసు పెడతాను."

రూలుసారు జేబులోంచి పెన్ను తీశారు.

"తప్పకుండా పెట్టండి. ఇది ఈ భవనం తలుపేనని ముందు ఇక్కడ ఒక ముక్క రాసి సంతకం చేయండి."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. కాంట్రాక్టరు జనాన్ని చూసి పెన్నును పక్కకు నెట్టేశాడు. అయినా తలుపు తనదేనని అన్న మాట వందమంది విన్నారు, కానిస్టేబులు పుస్తకంలో రాసుకున్నాడు కూడా. జాబితా మేడమ్ ఎనిమిది అడుగులు లెక్కపెట్టి వెనక్కి నడిచి ఫొటో తీసింది. పదకొండూ యాభై ఆరు. యంత్రం ఆపేయడంతో ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఆమె పక్కున నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. ఈసారి ఎవరైనా చూస్తారని సిగ్గుపడలేదు. కాగితాలావిడ ఆమెను వాటేసుకుంది. ఫైళ్ల కోసం వచ్చినవాళ్లు, సంగతి సగమే అర్థమైనా, చప్పట్లు కొట్టారు.

ముప్పై రోజుల తర్వాత పంపుహౌసు రక్షిత జాబితాకెక్కింది, తలుపుతో సహా. కాబట్టి ఆ తలుపు తిరిగి ఆఫీసుకు తేవడం నేరం. కొత్తది మంజూరయ్యేదాకా లోపలికి వచ్చేవారు తలుపు తట్టినట్టు నోటితో చెప్పి రావాలని రూలుసారు ఒక ప్రకటన తయారుచేశారు గాని, దాన్ని అతికించడానికి తలుపు లేదు.