లైన్లో దూరేవాళ్లకొక విగ్రహం

థీమ్ పార్కుల్లో లైన్ల మధ్య దూరేవాళ్లకి విగ్రహాలు పెట్టించాలని నా డిమాండ్. అదీ లైను మొదట్లోనే పెట్టించాలి! చివర్న పెడితే వాళ్లకి అలవాటు లేని చోటు, పాపం ఇబ్బంది పడతారు.

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. ఈ మహానుభావులే లేకపోతే మనలాంటి వాళ్లకి ఓర్పు ఎవరు నేర్పుతారండీ? ఓర్పు కోసం జనం క్లాసుల్లో చేరి, కళ్లు మూసుకుని గంటలకొద్దీ కూర్చుంటున్నారు. ఇక్కడ అది ఎంట్రీ టికెట్‌తో పాటే వస్తోంది!

మా అమ్మాయి సంగతే తీసుకోండి. రోలర్ కోస్టర్ గేటు దగ్గర ఒక చెక్క జిరాఫీ ఉంటుంది. పిల్లల తల దాని మెడ మీది ఎర్ర గీతని తాకితేనే లోపలికి పంపుతారు. కిందటేడు మా అమ్మాయి వేలెడు తక్కువైంది. అది ఏడ్చిన ఏడుపుకి ఎవరైనా కరిగిపోవాల్సిందే, కానీ జిరాఫీ చెక్కది కదా! ఏడాదంతా ఇంట్లో గుమ్మాలు పట్టుకుని వేలాడింది. మొహం చిట్లించుకుంటూనే గ్లాసు ఖాళీ చేసి పాలు తాగింది. ఈ ఏడు దాని తల గీతకి ఆనింది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇక మిగిలింది లైను ఒక్కటే.

మా ముందు సన్నటి మనిషొకడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒక్కడే కదా అని లోలోపల మురిసిపోయాను. ఎంత అమాయకుణ్ణి! ఆయన విత్తనమని నాకేం తెలుసు? కాసేపటికి మొలకెత్తాడు. ముందు భార్య వచ్చింది, తర్వాత బావమరిది, బావమరిది పిల్లలు, వాళ్ల పాప్‌కార్న్. ఆఖర్న, ఈ బలగమంతటికీ పెద్దదిక్కైన ఆయన అత్తగారు, భుజాన ఇంత సంచీతో తాడు కిందనుంచి వంగి వచ్చేసింది. అందరి నెత్తినా పార్కులో అమ్మే పసుపు టోపీలే.

"కొంచెం జరుగు నాయనా, మావాళ్లు ముందున్నారు" అంది పెద్దావిడ.

జరిగాను. అంత ఆప్యాయంగా అడిగితే ఎవరు మాత్రం జరగరు?

వెనకాయన తన మోకాలి ఆపరేషన్ వివరాలు స్పీకర్ ఫోన్లో చెబుతున్నాడు. వాళ్ల అల్లుడు ఆస్పత్రికి రాలేదట. మాకందరికీ ఆ అల్లుడి మీద కోపం వచ్చింది. పక్కమ్మాయి సెల్ఫీ స్టిక్ తిప్పినప్పుడల్లా లైను మొత్తం వంగి లేచింది. నడుముకి వ్యాయామం కావాలని డాక్టరు మొత్తుకున్నా నేను ఏనాడైనా చేశానా?

"నాన్నా, వాళ్లంతా మధ్యలో దూరారు. నువ్వేం అనవా?" అంది మా అమ్మాయి.

"తప్పమ్మా. మనం పద్ధతిగా నిలబడాలి. మన వంతు మనకొస్తుంది."

ఆ గొంతులో గాంభీర్యం మీరు వినాల్సింది!

మేం గేటు దరిదాపులకి వచ్చేసరికి డ్యూటీలో ఉన్నతను గట్టిగా అరిచాడు. "ఇదే ఆఖరి రౌండు! ఇవాళ్టికి ఇంతే!"

అంతే, పెద్దావిడ రంగంలోకి దిగింది. పసుపు టోపీ కనపడితే చాలు, రెక్క పట్టుకుని ముందుకి తోసేస్తోంది. మా అమ్మాయి నెత్తిన ఉన్నదీ పసుపు టోపీయే. పొద్దున నేనే కొనిపెట్టాను.

"రావే తల్లీ, ఎక్కడ ఆగిపోయావ్?" అంటూ ఆవిడ దాన్ని లాక్కుపోయింది. ఆవిడ సొంత మనవరాలు మాత్రం, టోపీ తీసి అందులో పాప్‌కార్న్ పోసుకుని, నా పక్కనే మిగిలిపోయింది.

"అమ్మా, అది మా పిల్ల" అందామని నోరు తెరిచాను. మా అమ్మాయి వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టింది. మూసుకున్నాను. పద్ధతుల మీద అన్ని ఉపన్యాసాలిచ్చిన నోరది!

"నాకు అదెక్కాలంటే భయం అంకుల్. మా నానమ్మకి చెప్పకండి" అని ఆ పిల్ల నాకు కాస్త పాప్‌కార్న్ పెట్టింది.

గేటు సరిగ్గా నా ముక్కు ముందు మూసుకుంది. లోపల పెద్దావిడ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, బెల్టు ఒకటికి రెండుసార్లు లాగి చూసింది. ఆ తర్వాత పైనుంచి వినిపించిన కేక నా కూతురిదే. ఏడాదిపాటు దాచిపెట్టుకున్న కేక అది.

దిగాక గానీ పెద్దావిడకి తేడా తెలియలేదు. ఎవరి పిల్లని వాళ్లకి అప్పగించుకున్నాం. "మీ పిల్ల బంగారం నాయనా, అరిచిందే గానీ ఏడవలేదు" అంది. దండం పెట్టాను. ఇంకేం చేస్తాను?

బెంచీ మీద మా సంచులకి కాపలా ఉన్న మా ఆవిడకి మా అమ్మాయి అంతా పూస గుచ్చినట్టు చెప్పింది. చెప్పి, నావైపు జాలిగా చూసింది.

"నాన్నా, వచ్చే ఏడాది నువ్వొక్కడివే ముందెళ్లి లైన్లో నిలబడు. నేనూ అమ్మా తర్వాత వస్తాం. నీకు నిలబడ్డం బాగా వచ్చుగా!"

నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. అది ఎవరి మీదో మాత్రం అర్థం కాలేదు. ఏమైనా అంటుందేమోనని మా ఆవిడ వైపు చూశాను. తను అప్పటికే ఇంకో రెండు పసుపు టోపీలు కొనడానికి షాపులోకి నడుస్తోంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా డిమాండ్‌లో చిన్న సవరణ. ఆ విగ్రహమేదో నాదే పెట్టించండి. లైను చివర్న పెట్టినా ఫరవాలేదు, అలవాటే.